బొల్లారం గురికాడు

యాప్రాల్‌లో మా ఇంటి దగ్గర బండి తీస్తే బొల్లారం ఎంతో దూరం కాదు. ఊరి నుంచి చుట్టాలొస్తే అటువైపు చూపించడానికి రెండే ఉంటాయి. ఒకటి రాష్ట్రపతి నిలయం, రెండోది విక్టోరియా రాణి కాలం నాటి హోలీ ట్రినిటీ చర్చి. మూడోది కూడా ఒకటుంది కానీ దాన్ని చూపించలేం, నోటితో చెప్పాలంతే. జిమ్ కార్బెట్ తర్వాత మన దేశంలో నరమాంసం మరిగిన పులుల కథలు రాసి అంత పేరు తెచ్చుకున్న కెన్నెత్ ఆండర్సన్ ఈ బొల్లారంలోనే 1910 మార్చి 8న పుట్టాడు.

కార్బెట్ మా బ్యాచ్‌లో అందరికీ తెలుసు. ఇంగ్లిష్ రీడర్‌లో పాఠంగా తగలకపోయినా, పార్కు పేరైనా వినే ఉంటారు. ఆండర్సన్ పేరు చెబితే మాత్రం అదేమైనా కొత్త కోడింగ్ సైటా అని అడిగినవాడు ఉన్నాడు మా క్లాసులో. బెంగళూరులో అలా కాదు. అక్కడ ఆయన్ని తమ ఊరివాడిగా చెప్పుకుంటారు. బతుకంతా అక్కడే గడిచింది కాబట్టి అది న్యాయమే. కానీ పుట్టింది మన పక్కన. ఆయన రాసిన కథల్లో కొన్ని చిత్తూరు అడవుల్లో, కొన్ని నల్లమలలో జరిగినవి. అందుకే మన క్లబ్ పత్రికలో ఒకసారైనా ఆయన గురించి ఉండాలనిపించింది.

1910లో బొల్లారం అంటే నిజాం రాజ్యం మధ్యలో ఉన్న బ్రిటిష్ వాళ్ల మిలటరీ ఊరు. ఆండర్సన్ వాళ్లది స్కాట్లాండ్ మూలాలున్న కుటుంబం. కొన్ని తరాలుగా ఇండియాలోనే ఉంటున్నారు. తండ్రి డగ్లస్ స్టూవర్ట్ ఆండర్సన్‌ది మిలటరీ అకౌంట్స్‌లో ఉద్యోగం, గౌరవ హోదాగా కెప్టెన్ అనే పేరు కూడా ఉండేది. పగలంతా లెక్కల పుస్తకాలు, సెలవు దొరికితే తుపాకి. కొడుక్కి అడవి పిచ్చి అంటించింది ఆయనే. కెన్నెత్ చదువు బెంగళూరులో బిషప్ కాటన్ స్కూల్లో, తర్వాత సెయింట్ జోసెఫ్స్ కాలేజీలో సాగింది. ఆ తర్వాత పోస్టులు, టెలిగ్రాఫుల శాఖలో పదిహేనేళ్లు పనిచేశాడు. అక్కణ్నుంచి బెంగళూరు విమానాల ఫ్యాక్టరీకి, అంటే ఇప్పటి హెచ్‌ఏఎల్‌కి వెళ్లి ప్లానింగ్ మేనేజర్ దాకా ఎదిగాడు. అంటే వారమంతా మనందరి నాన్నల్లాగే ఆఫీసు ఉద్యోగి. శనివారం వస్తే స్టూడీబేకర్ కారులో రైఫిలూ, టార్చీ, ఫ్లాస్కులో టీ, చపాతీలూ వేసుకుని అడవికి పోయేవాడు. జమీందారీ వేట కాదు ఇది. ఏనుగులు, డప్పులు, వందమంది మనుషులు ఉండరు. ఊళ్లోవాళ్లు కబురు పెడితే సెలవు చీటీ రాసిచ్చి వెళ్లడమే.

ప్రభుత్వ రికార్డుల ప్రకారం 1939 నుంచి 1966 వరకు ఆయన చంపిన మనుషులను తినే జంతువుల లెక్క ఇది: చిరుతలు ఎనిమిది, పులులు ఏడు. ఇరవై ఏడేళ్లలో మొత్తం పదిహేను. ఈ అంకె చిన్నగా కనపడొచ్చు. కానీ ఒక్కో జంతువు వెనకాల ఎన్ని ఊళ్లు సాయంత్రం కాగానే తలుపులు మూసుకున్నాయో చూస్తే చిన్నది కాదు. గుమ్మలాపూర్ చిరుత ఒక్కటే నలభై మందికి పైగా మనుషుల్ని చంపిందని ఆయనే రాశాడు.

సరే, ఇంతవరకూ ఎక్కడ వెతికినా దొరుకుతుంది. నాకు నచ్చి, ఈ వ్యాసం రాయించింది వేరే సంగతి. తుపాకి మీద గురి చూసే భాగం, అంటే సైట్.

మా కాలనీలో రిటైరైన ఆర్మీ వాళ్లు చాలామంది ఉంటారు. యాప్రాల్, సైనిక్‌పురి వైపు ఏ వీధిలో చూసినా ఒకరుంటారు. వాళ్లలో ఒక తాతగారు సర్వీసంతా తుపాకులు బాగుచేసే పనిలో ఉన్నారు. నేను స్కూల్లో క్యాడెట్‌గా ఉన్నప్పుడు పాత పాయింట్ టూ టూ రైఫిల్ పేల్చిన సంగతి ఆయనకి చెప్పాను. ఒక్కో తూటా చేత్తో పెట్టి, బోల్టు మూసి, పేల్చి, మళ్లీ ఖాళీ గుల్ల తీసి ఇంకోటి పెట్టాలి. సింగిల్ షాట్ అన్నమాట. ఆయన కళ్లు మెరిశాయి. అప్పట్నుంచి సాయంత్రాలు కూర్చోబెట్టి సైట్ల గురించి పాఠం మొదలుపెట్టారు. ఆండర్సన్ పుస్తకాలు నేను అదే టైములో చదువుతున్నాను. రెండూ కలిసి నా బుర్రలో ఒకటే సబ్జెక్ట్ అయిపోయాయి.

లెక్క చాలా సింపుల్. రైఫిల్ మీద ముందొక మొన ఉంటుంది, కంటి వైపు ఒక గాడి ఉంటుంది. గాడిలో మొన సరిగ్గా మధ్యలో కనపడితే, ఆ మొన మీద లక్ష్యం కూర్చుంటే, గురి కుదిరినట్టు. ఈ రెండింటి మధ్య దూరం 60 సెంటీమీటర్లు అనుకుందాం. పాతిక మీటర్ల దూరంలో తూటాలన్నీ ఒకే చోట గుంపుగా పడ్డాయి కానీ, ఆ గుంపు 5 సెంటీమీటర్లు ఎడమకి ఉంది. అప్పుడు వెనక గాడిని ఎంత జరపాలి? సరూప త్రిభుజాలే. 5 ఇంటూ 60 బై 2500, అంటే 0.12 సెంటీమీటర్. మిల్లీమీటరు కంటే కాస్త ఎక్కువ. ఎటు జరపాలి? తూటా ఎటు వెళ్లాలో అటే, కుడికి. ముందు మొనని జరిపితే మాత్రం తిరగబడుతుంది. తూటా తప్పిపోయిన వైపుకే మొనని జరపాలి. పదో క్లాసు లెక్కే ఇది, కానీ పరీక్షలో ఎవరూ ఇలా అడగలేదు మరి.

పాత సింగిల్ షాట్ రైఫిల్‌కి టార్గెట్ సైట్ బిగించాలంటే తాతగారి పద్ధతి ఒకటుంది. మొదట ఏదీ అరగదీయకూడదు, ఏదీ డ్రిల్ చేయకూడదు. ఉన్న సైట్లతోనే పేల్చి గుంపు ఎక్కడ పడుతోందో రాసుకోవాలి. మొన కింద గాడిలో బిగించి ఉంటుంది కాబట్టి ఇత్తడి ముక్క ఆనించి చిన్న సుత్తితో మెల్లగా తడుతూ పక్కకి జరపొచ్చు. ఇనుముతో కొడితే సొట్టపడుతుంది. తూటా కిందికి పడుతుంటే మొన ఎత్తు తగ్గించాలి, పైకి పోతుంటే ఇంకా ఎత్తైన మొన కావాలి. ఆకురాయితో అరగదీసిన లోహం తిరిగి రాదు కాబట్టి, ఎత్తు విషయం అన్నిటికంటే చివర. వెనక సైటు కొనేటప్పుడు తుపాకి మెడ మీద పాత స్క్రూ రంధ్రాలు ఉన్నాయేమో చూసి, వాటికి సరిపోయేదే తీసుకోవాలి. వందేళ్ల తుపాకికి కొత్త రంధ్రం పెట్టడం ఆయన దృష్టిలో గుడిగోడకి మేకు కొట్టడం లాంటిది.

ఇక ఏ సైట్ అన్నది. టార్గెట్ కొట్టేవాళ్లకి వెనక గాడి బదులు చిన్న రంధ్రం ఉన్న బిళ్ల ఇష్టం. చిన్న రంధ్రంలోంచి చూస్తే దగ్గరున్న మొనా, దూరాన ఉన్న నల్లచుక్కా రెండూ స్పష్టంగా కనపడతాయి. పిన్‌హోల్ కెమెరా సూత్రమే. ముందు వైపు సన్నని మొన గానీ, గుండ్రటి రింగు గానీ పెడతారు. కాగితం మీది నల్లచుక్క కదలదు, ఎండ బాగా ఉంటుంది, తొందర లేదు. అక్కడ ఇదే రాజు. కార్బెట్ పదేళ్ల వయసులో నైనిటాల్‌లో క్యాడెట్‌గా బాగా పేల్చాడని మెచ్చుకుని, ఆయనకి వాడుకోమని ఇచ్చింది కూడా సింగిల్ షాటే, .450 మార్టినీ హెన్రీ. ట్రిగ్గర్ వెనకాల ఉన్న పిడిని కిందికి లాగితే తలుపు తెరుచుకుంటుంది, తూటా పెట్టి మూయాలి. దాని వెనక సైటు నిచ్చెనలా లేచి నిలబడుతుంది, దాని మీద గజాల అంకెలు. ఆ రైఫిల్‌తోనే కార్బెట్ తన మొదటి చిరుతని కొట్టాడు. అప్పట్లో తిరుమలగిరి, బొల్లారం వైపు ఉన్న తెల్ల సైనికుల చేతుల్లోనూ కొన్నేళ్లు అదే రైఫిల్.

అడవిలో మాత్రం లెక్క తిరగబడుతుంది. చిన్న రంధ్రం వెలుతురుని తినేస్తుంది. పొద్దుగూకే వేళ అందులోంచి చూస్తే మొనా ఉండదు, పులీ ఉండదు. అందుకే వేట రైఫిల్‌కి వెనక వెడల్పాటి, లోతు లేని గాడి, ముందు లావుపాటి పూస. దంతంతోనో ఇత్తడితోనో చేసిన పూస అయితే మసక వెలుతురులో కూడా మెరుస్తుంది. వంద మీటర్ల దూరంలో అది లక్ష్యాన్ని మొత్తం కప్పేస్తుంది, పోటీలో అయితే పనికిరాదు. కానీ మంచె మీద నుంచి దూరం ఎంత? పదిహేను, ఇరవై మీటర్లు. అక్కడ కావాల్సింది సన్నదనం కాదు, కంటికి టక్కున అందడం.

ఆండర్సన్ ఎంచుకున్న రైఫిల్ సింగిల్ షాట్ కాదు. వించెస్టర్ 1895 మోడల్, .405. అమెరికా తుపాకుల మేధావి జాన్ బ్రౌనింగ్ డిజైన్. థియొడోర్ రూజ్‌వెల్ట్ 1909లో ఆఫ్రికాకి తీసుకెళ్లింది కూడా ఈ .405నే. చేతి కింద లివర్ కిందికి తోసి లాగితే చాలు, ఇంకో తూటా ఎక్కుతుంది. ఎందుకు సింగిల్ షాట్ వద్దనుకున్నాడో ఊహించడానికి పెద్ద తెలివి అక్కర్లేదు. కాగితం తిరిగి మీద పడదు. గాయపడిన చిరుత పడుతుంది. రెండో తూటా కోసం జేబు తడుముకునే టైము ఉండదు.

.405 తూటా బరువు 300 గ్రెయిన్లు, అంటే దాదాపు 19 గ్రాములు. వేగం సెకనుకి సుమారు 670 మీటర్లు. ఇరవై మీటర్లు వెళ్లడానికి దానికి సెకనులో ముప్ఫై మూడో వంతు పడుతుంది, అంతలో భూమి దాన్ని కిందికి లాగేది నాలుగైదు మిల్లీమీటర్లే. నేను ఇది ఒక చిన్న ప్రోగ్రామ్ రాసి కూడా చూశాను, గాలి ఒత్తిడి కలిపినా పెద్ద తేడా రాలేదు. అంటే ఆండర్సన్‌కి దూరం అసలు సమస్యే కాదు. సమస్యంతా చీకటి.

చిరుతలు, పులులు చంపిన జంతువు దగ్గరికి రాత్రి వస్తాయి. రాత్రి పూట వెనక గాడీ కనపడదు, ముందు పూసా కనపడదు. అందుకని ఆయన రైఫిల్ గొట్టానికి క్లాంపుతో టార్చి బిగించుకునేవాడు. స్విచ్ ఎడమ బొటనవేలికి అందేలా. ఆయన కథలు చదివినవాళ్లకి ఆ బొటనవేలు బాగా గుర్తుంటుంది. గంటల తరబడి చీకట్లో కదలకుండా కూర్చోవడం, చివరికి ఏదో చిన్న చప్పుడు, ఆ వేలు నొక్కడం, వెలుగులో రెండు కళ్లు.

ఇది వినడానికి ఈజీగా ఉంటుంది. బిగించేటప్పుడు ఎన్ని చూసుకోవాలో తాతగారు చెబితే తెలిసింది. టార్చి వెలుగు జంతువు మీద పడితే సరిపోదు, కొంచెం ముందు పూస మీద కూడా పడాలి. లేకపోతే పులి కనపడుతుంది, గురి కనపడదు. మరీ ఎక్కువ పడితే పూస మెరిసి కళ్లు చెదురుతాయి, జంతువు మసకేస్తుంది. క్లాంపు బిగువుగా లేకపోతే మొదటి తూటా కుదుపుకే టార్చి తిరిగిపోతుంది, రెండో తూటాకి గుడ్డివాళ్లమే. ఇంకోటి, గొట్టానికి ఏ బరువు తగిలించినా తూటా పడే చోటు కొంచెం మారుతుంది. కాబట్టి టార్చి లేకుండా సరిచేసిన సైటు టార్చి పెట్టాక సరైనదని అనుకోకూడదు. టార్చితో కూడా కాగితం మీద పేల్చి చూసుకోవాల్సిందే. బ్యాటరీ సంగతి వేరే చెప్పక్కర్లేదు. 1926లో కార్బెట్ రుద్రప్రయాగ చిరుతని కొట్టిన రాత్రి టార్చి సరిగ్గా తూటా పేలగానే ఆరిపోయింది. తగిలిందో లేదో తెలియకుండా ఆయన చెట్టు మీదే తెల్లవారేదాకా కూర్చున్నాడు. అప్పటికి ఆ చిరుత ఖాతాలో 125 మంది ఉన్నారు.

ఇప్పుడు అసలు విషయం. గురి తప్పితే ఏమవుతుంది? తూటా పూర్తిగా తప్పితే ఏమీ కాదు, పులి పారిపోతుంది. సగం తప్పితేనే ప్రమాదం. 60 సెంటీమీటర్ల సైటులో రెండు మిల్లీమీటర్ల తేడా ఉంటే ఇరవై మీటర్ల దగ్గర అది దాదాపు ఏడు సెంటీమీటర్లు.  నుదుటికి తగిలితే అక్కడికక్కడే చనిపోతుంది. దవడకి తగిలితే బతుకుతుంది, కోరలు విరిగి. కోరలు విరిగిన పులి జింకని పట్టలేదు. పట్టగలిగేది కట్టెలకి వచ్చిన ఆడమనిషినీ, మేకల్ని తోలుకెళ్లే పిల్లాడినీ. ఇది నా కల్పన కాదు. చంపావత్ పులి 436 మందిని చంపిందని కార్బెట్ లెక్క. 1907లో దాన్ని కొట్టాక నోరు తెరిచి చూస్తే కుడి వైపు పై కోర సగం, కింది కోర మొత్తం లేవు. ఎప్పుడో ఎవరో పేల్చిన తూటా అది. ఆ పేల్చినవాడికి ఆ సాయంత్రం తన తూటా తప్పిపోయింది అనే అనిపించి ఉంటుంది, ఇంటికెళ్లి అన్నం తిని పడుకునుంటాడు.

అన్ని పులులూ తూటా వల్లే మనిషి మీద పడవు. ముళ్లపంది ముళ్లు గుచ్చుకుని, ఒక కన్ను పోయి మనుషుల మీద పడిన ముక్తేశ్వర్ పులి కథ కూడా కార్బెట్ రాశాడు. కానీ ఆండర్సన్ మళ్లీ మళ్లీ తిట్టుకున్నది మాత్రం నాటు తుపాకుల్ని. మన దక్షిణాది అడవుల అంచున అప్పట్లో దొంగచాటు వేటకి వాడింది ఎక్కువగా మందు కూరి పేల్చే తుపాకే. అదీ సింగిల్ షాటే, కానీ దాని మీద సైట్ అనదగ్గది ఏదీ ఉండదు. ఉంటే గొట్టం చివర ఒక బొడిపె. లోపల ఇనప ముక్కలో, సీసం గుళ్లో. నీళ్ల గుంట దగ్గర చీకట్లో జింక అనుకుని పేలిస్తే వచ్చింది చిరుత అవుతుంది. అది కుంటుకుంటూ వెళ్లిపోతుంది. ఆరు నెలల తర్వాత పక్క తాలూకాలో మనుషులు మాయమవడం మొదలవుతుంది. అందమైన రైఫిల్‌తో తొందరపడి పేల్చిన దొరలు కూడా ఇందుకు తక్కువ తినలేదు. జౌలగిరి ఆడపులి కథలో అలాంటి గాయమే ఉంది.

జౌలగిరి హోసూరు దగ్గర, ఇప్పటి కృష్ణగిరి జిల్లాలో. తెలుగు, తమిళం, కన్నడం కలిసిపోయిన చోటు. ఆ ఆడపులి జోడు ముందే వేటలో పోయింది, తర్వాత అది కూడా తూటా దెబ్బ తిని మనుషుల్ని చంపడం మొదలుపెట్టింది. ఆండర్సన్‌కి దాన్ని పట్టడం ఎంతకీ కుదరలేదు. చివరికి రాత్రి పూట మగపులి గొంతుతో పిలిచాడు. అది జోడు అనుకుని బదులు పలుకుతూ దగ్గరికి వచ్చింది. టార్చి వేశాడు, పేల్చాడు. అక్కడితో ఊళ్లకి పీడ వదిలింది. కానీ ఆ కథ చివర్లో గెలిచిన సంబరం లేదు. ప్రేమ కోసం వచ్చిన జంతువుని మోసం చేసి చంపానన్న బాధే ఉంది. ఆయన రాసిన వాటిల్లో నాకు అన్నిటికంటే నచ్చింది ఇదే. అక్కడ సైట్ కరెక్ట్‌గానే ఉంది, తూటా కరెక్ట్‌గానే తగిలింది, అయినా ఏదో సరిగ్గా లేదు. ఆ ముక్క దాచుకోకుండా రాశాడు.

గుమ్మలాపూర్ చిరుత వ్యవహారం వేరు. అక్కడ రైఫిల్, టార్చి అన్నీ ఉన్నా చివరి సాయం చేసింది ఒక ఊరకుక్క. చలికి వణుకుతూ వచ్చి ఆయన పక్కన పడుకుంది. చిరుత వస్తున్న సంగతి ఆయన చెవికంటే ముందు దానికి తెలిసింది. ఆ తర్వాత ఆయన ఆ కుక్కని బెంగళూరు ఇంటికి తీసుకెళ్లి నిప్పర్ అని పేరు పెట్టి పెంచుకున్నాడు.

మన వైపు కథలకొస్తే, చిత్తూరు జిల్లాలో భాకరాపేట, నాగపట్ల మధ్య చామల లోయ. తిరుపతి కొండలకి వెనక వైపు. అక్కడి పులి కథ చదువుతుంటే పులిబోను లాంటి పేర్లు వస్తాయి, లండన్‌లో అచ్చయిన పుస్తకంలో ఆ పేర్లు చూస్తే గమ్మత్తుగా ఉంటుంది. ఇంకోటి నల్లమల. నంద్యాల దాటాక గాజులపల్లి, చెలమ, దిగువమెట్ట అంటూ అడవిలోంచి పోయే రైలు దారి. నిజాం రాజ్యం వైపు నుంచి వచ్చిందని ఆ పులికి హైదరాబాద్ హంతకి అన్నట్టు పేరు పెట్టాడు. హైదరాబాద్ రాజ్యంలో పుట్టిన మనిషే హైదరాబాద్ నుంచి వచ్చిన పులి వెంటపడ్డాడు. ఆ కథలో ఈ సంగతి మీద జోకు ఎందుకు వేయలేదో మరి, నేనైతే వదిలేవాణ్ని కాదు.

ఆయన రాసిందంతా అక్షరం అక్షరం నిజమా అని చాలామంది అడుగుతారు. కొన్ని చోట్ల మసాలా దట్టించాడని నాకూ అనిపిస్తుంది. దయ్యాల ముచ్చట్లు, మంత్రగాళ్లు వచ్చినప్పుడు మరీను. సరదా కోసం చంపిన జంతువులు కూడా ఆ పుస్తకాల్లో ఉన్నాయి. ఈ కాలంలో కూర్చుని చదివితే కొన్ని పేజీలు గొంతు దిగవు. కానీ బైరా లాంటి పూజారి తెగ మనిషినీ, రంగా లాంటి వేటగాడినీ ఆయన స్నేహితులుగా రాశాడు. అడవిలో తనకంటే వాళ్లకే ఎక్కువ తెలుసని ఒప్పుకుంటూ రాశాడు. ఆ కాలపు తెల్లవాళ్ల వేట పుస్తకాల్లో పనివాళ్లకి తరచూ పేర్లే ఉండవు. ఈ తేడా చిన్నది కాదు.

మొదటి పుస్తకం 1954లో వచ్చింది, తొమ్మిది మనిషితిండి జంతువులు, ఒక మదపుటేనుగు. అప్పటికి ఆయనకి నలభై నాలుగేళ్లు. తర్వాత 1957, 1959, 1961 ఇలా వరసగా వచ్చాయి. శివనిపల్లి నల్ల చిరుత పేరుతో ఉన్నది ఎక్కువమంది చదివిన వాటిలో ఒకటి. ఏళ్లు గడిచేకొద్దీ రైఫిల్ తక్కువ, కెమెరా ఎక్కువ అయ్యింది. అడవులు నరికేస్తున్నారని, జీపు లైట్లు వేసి కొట్టేస్తున్నారని, పురుగుమందు కలిపి చంపేస్తున్నారని తర్వాతి పుస్తకాల్లో గొంతు మారింది. కెమెరాకి కూడా వ్యూఫైండర్ ఉంటుంది, ఫోకస్ ఉంటుంది, చీకట్లో ఫ్లాష్ ఉంటుంది. పనిముట్టు మారింది కానీ అలవాట్లు దాదాపు అవే. తేడా ఏంటంటే కెమెరా గురి రెండు మిల్లీమీటర్లు తప్పితే ఫోటో పాడవుతుంది, అంతే.

1972లో వన్యప్రాణి సంరక్షణ చట్టం వచ్చింది. 1973 ఏప్రిల్‌లో ప్రాజెక్ట్ టైగర్ మొదలైంది. ఆ తర్వాతి ఏడాది, 1974 ఆగస్టు 30న, ఆండర్సన్ బెంగళూరులో క్యాన్సర్‌తో పోయాడు. ఆయన నడిచిన నల్లమల ఇప్పుడు నాగార్జునసాగర్ శ్రీశైలం టైగర్ రిజర్వ్. చామల వైపు అడవి శ్రీ వేంకటేశ్వర నేషనల్ పార్క్‌లో కలిసింది. పాత అడవుల జ్ఞాపకాలతో ఆయన రాసిపెట్టుకున్న పుస్తకం పోయాక రెండేళ్లకి, 1976లో అచ్చయింది. దాన్ని నేను పోయిన సెమిస్టర్ సెలవుల్లో చదివి మా తాతగారికి ఇచ్చాను. ఆయన కళ్లజోడు తుడుచుకుని ముందు కథలు కాదు, ఫోటోల్లో రైఫిల్ ఎక్కడుందా అని వెతకడం మొదలుపెట్టారు.